డక్టు వైపు కిటికీ

ఏప్రిల్ 9, బుధవారం

కరెంటు బిల్లు వచ్చింది. రఘురామ్ దాన్ని ఉప్పుసీసా కింద పెట్టి, నేను చూసేదాకా అన్నం ముట్టలేదు. చూశాను. ఏం చేయమంటాడు? ఈ కిటికీలు బిల్డరు పెట్టినప్పటివి. చెక్క ఎండిపోయి రెక్కకీ చట్రానికీ మధ్య వేలు దూరుతుంది. వానాకాలం ఉబ్బి మూతపడవు, ఎండాకాలం మూసినా మూసినట్టుండదు. మనం ఏసీ వేస్తే అమీర్‌పేట చల్లబడుతుంది తప్ప మన హాలు చల్లబడదు అన్నాను. "అయితే మార్పిద్దాం" అన్నాడు. పెళ్లయ్యాక నా మాటకి ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం ఇదే మొదలేమో.

సాయంత్రం బ్యాచ్‌కి ఆన్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠం చెబుతుంటే మళ్లీ మొదలైంది. ముందు పక్క ఫ్లాటు రాకేశ్ గొంతు, తర్వాత గిన్నె పడిన చప్పుడు, తర్వాత వాళ్లావిడ దివ్యశ్రీ. మా వంటింటి కిటికీ, వాళ్ల వంటింటి కిటికీ ఎదురెదురుగా, గాలీ వెలుతురూ కోసం వదిలిన ఒకే డక్టులోకి తెరుచుకుంటాయి. చెయ్యి చాపితే కరివేపాకు రెమ్మ అందుకోవచ్చు. ఇక మాటలు అందకపోవడం ఏముంది? నేను మైకు ఆపేలోపే చాట్‌లో ఎవరో పెట్టారు, "మేడమ్, మీ ఇంట్లో ఎవరో ఏడుస్తున్నట్టుంది" అని. టీవీ అని చెప్పాను.

అంతలో వాళ్ల కిటికీ గ్రిల్ మీద అట్లకాడ మోగింది. క్లాసులో పిల్లలకి కాస్త విరామం ఇచ్చి, స్టీలు గిన్నె పట్టుకుని వెళ్లి వాళ్ల బెల్ కొట్టాను. రాకేశ్ తలుపు తీశాడు. చెమట పట్టి ఉంది, నవ్వుతున్నాడు.

"పాలు తోడేద్దామంటే పెరుగు చుక్క లేదు రాకేశ్. ఒక్క చెంచా ఉంటే ఇస్తావా?"

"గదేం భాగ్యం అక్కా, లోపలికి రార్రి."

సోఫాలోంచి వాళ్లమ్మ రాజమ్మ తల తిప్పకుండానే అంది. "దీపాలు వెట్టినంక పెరుగు ఇయ్యరమ్మా. మీ దిక్కు గీ పద్ధతి లేదా?"

ఉంది. మా తెనాలిలోనూ ఉంది. తెలియని దానిలా నాలుక కరుచుకుని, ఉత్త గిన్నెతో వచ్చేశాను. ఇంట్లో పావులీటరు పెరుగుంది. క్లాసు అయ్యేదాకా అటు నుంచి మళ్లీ చప్పుడు రాలేదు.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున దివ్య కిటికీ దగ్గరికి వచ్చింది. కొంగు చెవి మీదుగా కప్పుకుంది.

"అక్కా, నిన్న మీరు చెప్పిన రిగ్రెషన్ టెస్టింగ్ నాకు జర సమజ్ కాలే. ఒకటి సరిజేస్తే ఇంకోటి ఖరాబైందా అని చూసుడేనా?"

అదేనన్నాను. డబ్బు కట్టిన వాళ్లకి ఇంకా ఎక్కలేదు, ఈ పిల్లకి చారుకి పోపు వేస్తూ వింటే ఎక్కింది. జనగామ నుంచి ఈ కోర్సు కోసమే అమీర్‌పేట వచ్చిందట, సగంలో పెళ్లి చేశారు. మిగతా సగం మా వంటింటి కిటికీలోంచి వింటోంది. "ఉద్యోగం వస్తే చాలక్కా. ముందుగాల లేడీస్ హాస్టల్‌కి పోత. తర్వాత సంగతి తర్వాత."

పెరుగు గిన్నె ఏర్పాటు కూడా ఆమెదే. సంక్రాంతి ముందు ఒకరోజు ఇలాగే నిలబడి చెప్పింది. "నన్ను ఇడిపియ్యొద్దు, ఎవ్వరికీ చెప్పొద్దు. నేను గ్రిల్ కొడితే మీరు బెల్ కొట్టుర్రి, గంతే. బయటి మనిషి మొఖం కనవడితే ఆగుతడు." నిజంగానే ఆగుతాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

పంజాగుట్టలో షోరూముకి వెళ్లాం. దుర్గేష్ అనే కుర్రాడు, మాట ఆపడు. ఒక పెద్ద బల్బు వెలిగించి, మామూలు అద్దం వెనక చెయ్యి పెట్టమన్నాడు, కాలింది. రెండు పొరల అద్దం వెనక పెట్టమన్నాడు, కాలలేదు. మధ్యలో గాలి బంధించి ఉంటుందట, చుట్టూ రబ్బరు అంచు. చల్లదనం బయటికి పోదు, వేడి లోపలికి రాదు. రఘురామ్ బల్బు దగ్గరే ఉండిపోయాడు.

నాకు పక్కనున్న గాజు పెట్టె నచ్చింది. అందులో గంట ఒకటి మోగుతూ ఉంటుంది. తలుపు వేస్తే ఆగిపోతుంది, తీస్తే మోగుతుంది. వేసీ తీసీ చూస్తూ నిలబడ్డాను. "మేడమ్‌కి సౌండే ప్రాబ్లమ్ లెక్కుంది" అన్నాడు దుర్గేష్. మెట్రో అని చెప్పాను.

కొలతల దగ్గర వంటింటి కిటికీ కూడా రాసుకోమన్నాను.

"కిచెన్‌కి ఎందుకు మేడమ్? ఆడ ఏసీ లేదు గదా."

"హాల్లో చల్లగాలంతా అటే పోతోంది."

రఘురామ్ నా వైపు చూశాడు. హాలుకీ వంటింటికీ మధ్య తలుపు ఉంది, ఆ సంగతి అతనికీ తెలుసు.

ఏప్రిల్ 16, బుధవారం

కిటికీలు మార్చేది కరెంటు కోసం.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇవాళ అగ్గిపెట్టె అడిగాను. రాకేశ్ ఇచ్చాడు. ఇస్తూ నవ్వాడు. "ఏందక్కా, మీ ఇంట్ల రోజూ ఏదో ఒకటి అయిపోతనే ఉంటది." కళ్లు నవ్వలేదు.

రఘురామ్‌తో చెబితే, "మనకెందుకు మంజూ? మొన్న సిలిండర్ మోసుకొచ్చి పెట్టింది అతనే కదా" అన్నాడు. నిజమే, అందరికీ పనికొచ్చే మనిషి. నీళ్ల ట్యాంకరు రాకపోతే ఫోను చేసేది అతను, లిఫ్టు ఆగితే మెకానిక్కుని తెచ్చేది అతను. అసోసియేషన్ ప్రెసిడెంటు రామ్మోహనరావు గారు ఏ మీటింగులో చూసినా అతన్నే పొగుడుతారు.

దివ్య మీద కోపం వచ్చింది. అతని మీద రావాలి కదా, ఆమె మీద వచ్చింది. వాళ్ల అమ్మానాన్నలకి చెప్పుకోదు, పోలీసులకి చెప్పనివ్వదు, తన గుమ్మానికి మాత్రం కట్టేసింది నన్ను. అట్లకాడ మోగుతుందేమోనని చెవులు అటే పెట్టుకుని పాఠం చెప్పడం నావల్ల కావడం లేదు. పూర్తిగా విసిగిపోయాను.

మే 3, శనివారం

బిగించారు. పొద్దున్నించీ ఉలి దెబ్బలు, ఇల్లంతా సిమెంటు దుమ్ము, పోపుల డబ్బాలో కూడా. పాత చట్రాలు ఊడబీకుతుంటే గోడ పెచ్చులు లేచి, ఇల్లు పళ్లూడినట్టు కనిపించింది. దివ్య అవతల ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"అక్కా, గిది తెరుచుకుంటదా?"

"తెరుచుకుంటుందమ్మా. పక్కకి జరిపితే చాలు."

"అయితే మంచిదే" అంది.

మే 4, ఆదివారం

ఎంత నిశ్శబ్దం! మా ఫ్రిజ్‌కి ఒక మోత ఉందని ఇన్నేళ్లకి ఇవాళ తెలిసింది. ఏసీ వేసిన కాసేపటికే హాలు చల్లబడింది. మధ్యాహ్నం అన్నం తిని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి దుప్పటి కప్పి ఉంది. రఘురామ్ కప్పాడట.

మే 6, మంగళవారం

క్లాసు బ్రహ్మాండంగా జరిగింది. స్టూడియోలో చెప్పినట్టు ఉంది మేడమ్ అన్నారు.

మే 9, శుక్రవారం

దివ్య కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి, మా అద్దం మీద చీపురుపుల్లతో తట్టింది. జరిపాను.

"క్లాసు వినవడ్తలేదక్కా."

క్లాసు టైములో కొంచెం తెరిచి పెడతానని చెప్పాను. రేపటి నుంచి.

మే 12, సోమవారం

తెరుద్దామనే అనుకున్నాను. వడగాడ్పు. తెరిస్తే ఇంత ఖర్చూ ఎందుకు పెట్టినట్టు?

మే 13, మంగళవారం

తెరవలేదు.

మే 19, సోమవారం

బిల్లు తగ్గింది. రఘురామ్ బేగంపేటలో వాళ్ల బ్యాంకు వాళ్లందరికీ చూపించాడట. మేనేజరు కూడా దుర్గేష్ నంబరు తీసుకున్నాడట. ఇంటికొస్తూ జిలేబీ తెచ్చాడు.

మే 27, మంగళవారం

దివ్య కిటికీలో కనిపించడం లేదు. వాళ్ల స్టవ్వు దగ్గర రాజమ్మ ఉంటోంది. జనగామ వెళ్లిందేమో. వేసవి కదా, పుట్టింటికి పంపి ఉంటారు. లిఫ్టులో రాజమ్మ ఎదురైతే ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాను. అవునంది.

జూన్ 2, సోమవారం

లిఫ్టు తలుపు తెరుచుకుంది. రాకేశ్, దివ్య. ఆమె కుడిచేతికి మోచేయి దాకా కట్టు, మెడకి పట్టీ. రాకేశ్ ఒక చేత్తో మందుల కవరు, ఇంకో చేత్తో ఆమె భుజం పట్టుకుని ఉన్నాడు.

"బాత్రూంల జారిందక్కా. గా రోజు నుంచి మా అమ్మకే పని. చెప్తే వినదు, సబ్బు నీళ్లల్ల ఉరుకుతది" అన్నాడు. దివ్య లిఫ్టులో వెలుగుతున్న అంకెలు చూస్తూ నిలబడింది.

రాకేశ్ తన షాపుకి వెళ్లాక మా బెల్ మోగింది. దివ్య. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడింది.

"మస్తుసేపు గ్రిల్ కొట్టినక్కా."

ఎప్పుడని అడిగాను. చెప్పింది. నా సాయంత్రం క్లాసు వేళ.

"చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నానమ్మా" అన్నాను.

"గట్లనే అనుకున్న. పోనియ్ అక్కా, మీ తప్పేముంది." నన్నే ఓదార్చి వెళ్లింది. కట్టులోంచి వేళ్లు బయటికి ఉన్నాయి, వాచి, బొటనవేలు మడత పడటం లేదు. ఆ చేత్తో కీబోర్డు ఎప్పటికి పట్టుకుంటుంది?

జూన్ 3, మంగళవారం

హెడ్‌ఫోన్లు లేవు. ఆ రోజు విరామంలో కాఫీ కలుపుకోవడానికి వంటింట్లోకి వెళ్లాను. అద్దంలోంచి అవతల ఆమె చెయ్యి పైకీ కిందికీ ఆడుతుండటం కనిపించింది. గ్రిల్ తుడుచుకుంటోంది అనుకున్నాను.

అనుకున్నానని రాస్తున్నాను.

జూన్ 5, గురువారం

వంటింటి కిటికీ బార్లా తెరిచి పెట్టాను. రఘురామ్ మూశాడు. తెరిచాను. మూశాడు. "ఇంత డబ్బు పోసి దేనికి చేయించాం?" అని అరిచాడు. దేనికి చేయించానో నేను చెప్పలేదు. తెరిచి, కిటికీ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని క్లాసు చెప్పాను. అవతల దివ్య ఎడమచేత్తో నోట్సు రాసుకోవడానికి ప్రయత్నం చేస్తోంది. రాజమ్మ పిలిస్తే వెళ్లిపోయింది.

జూన్ 15, ఆదివారం

రాకేశ్ వచ్చాడు. "అక్కా, మీ కిటికీలు ఓసారి చూస్త" అని.

రఘురామ్ ఉత్సాహంగా ఇల్లంతా తిప్పాడు. రబ్బరు అంచులు, రెండు పొరలు, బల్బు కథ అన్నీ చెప్పాడు. రాకేశ్ బుద్ధిగా విని, "కిచెన్ చూస్త అన్నా" అన్నాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కిటికీ మూశాడు. ఫోను తీసి దివ్యకి చేశాడు.

"మిక్సీ ఆన్ చెయ్. ఏం లేదు, ఉత్తగనే. చెయ్యి."

అద్దానికి అవతల దివ్య ఎడమచేత్తో మిక్సీ తిప్పింది. జారు అదరడం కనిపిస్తోంది. చప్పుడు లేదు.

"ఇంకోటి. జర గట్టిగ మాట్లాడు. ఏదన్న."

దివ్య నోరు తెరిచింది. నా వైపు చూస్తూ ఏదో అంది. పెదాలు కదిలాయి, ఏమందో నాకు తెలియలేదు. రాకేశ్ ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు.

"మస్తుందక్కా! ఒక్క ముక్క సుత వినవడ్తలేదు" అని నవ్వాడు. ఈసారి కళ్లు కూడా నవ్వాయి. "మేం సుత పెట్టిచ్చుకుంటం. కరెంటు బిల్లు మాకూ తక్లీఫే గద. మెయిన్ డోర్ సుత మారుస్త, గిసొంటి రబ్బరుదే."

రఘురామ్ అక్కడికక్కడే దుర్గేష్‌కి ఫోను చేశాడు. ఇంకొక ఇల్లు చూపించినందుకు మనకి బాల్కనీకి దోమతెర ఉచితమట.

జూన్ 16, సోమవారం

రఘురామ్‌కి అంతా చెప్పాను. పెరుగు గిన్నె, అట్లకాడ, మిక్సీ, అన్నీ. ఎందుకు పెట్టించుకుంటున్నాడో నీకు అర్థం కావడం లేదా అన్నాను.

మెల్లగా అన్నాడు. "మనం పెట్టించుకోవచ్చు, వాళ్లు పెట్టించుకోకూడదా?"

దోమతెర వద్దని చెప్పమన్నాను. సరేనన్నాడు.

జూన్ 20, శుక్రవారం

డక్టులోంచి దివ్యతో మాట్లాడాను. రేపే వచ్చెయ్, మా ఇన్‌స్టిట్యూట్ పక్కన హాస్టల్ ఉంది, నేను మాట్లాడతాను, కోర్సు డబ్బు అడగను అన్నాను. నా గొంతు నాకే అమ్ముకునే వాళ్ల గొంతులా వినిపించింది.

"చెయ్యి నయం కానియ్ అక్కా. బోనాలు అయినంక పోత." మళ్లీ తనే అడిగింది. "గవి పెట్టినంక నిజంగనే ఏం వినవడదా?"

"నువ్వు గ్రిల్ కొట్టక్కర్లేదు. నేనే రోజూ వచ్చి బెల్ కొడతాను. ఊరికే కొడతాను."

"ఊకె వస్తే అనుమానవడ్తడు."

"పడనీ."

జూన్ 28, శనివారం

వాళ్లకి బిగించారు. డక్టు వైపు తెరుచుకోని అద్దం, అవతల మనిషి నీడ తప్ప కనిపించని రకం. ఎందుకని దుర్గేష్‌ని అడిగాను. "కస్టమర్ ప్రైవసీ అన్నరు మేడమ్." ముందు తలుపు కూడా వచ్చింది. టేకు రంగు, బరువైనది, వేస్తే నిట్టూర్చినట్టు మూసుకుంటుంది.

అపార్టుమెంటు వాళ్లందరూ వచ్చి మెచ్చుకుని వెళ్లారు.

జూలై 1, మంగళవారం

ఇవాళ ఎల్లమ్మ కల్యాణం. బల్కంపేట వైపు అడుగు పెట్టే వీల్లేదు, దారంతా జనం. రాజమ్మ పొద్దున్నే గుడికి వెళ్లింది. నేను బెల్ కొట్టాను. రాకేశ్ తీశాడు, దివ్య స్నానం చేస్తోందన్నాడు. నిన్న పడుకుందన్నాడు. మొన్న పిలిచాడు, దివ్య వచ్చి అతని భుజం వెనక నిలబడి "బాగనే ఉన్న అక్కా" అంది.

జూలై 4, శుక్రవారం

బెల్ కొట్టాను. రాజమ్మ తలుపు సందులోంచి, "ఏమన్న పని ఉందా?" అంది. లేదన్నాను. వేసేసింది.

జూలై 6, ఆదివారం

ఈ పుస్తకం తెచ్చుకుని మెట్ల మీద కూర్చున్నాను. వాళ్ల తలుపు ఇక్కడికి కనిపిస్తుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గిన్నెలు సర్దుతున్నాను. నా కిటికీ తెరిచే ఉంది. అవతలి అద్దంలో రెండు మసక ఆకారాలు, ఒకటి తెలుపు, ఒకటి పసుపు. పసుపు రంగు అద్దానికి ఆనుకుంది. తెల్లది దాని మీదికి వచ్చింది. అద్దం అదిరింది. మళ్లీ అదిరింది. చప్పుడు లేదు. తర్వాత పసుపు రంగు కిందికి జారిపోయింది, తెల్లది ఒక్కటే మిగిలింది. దివ్యా అని అరిచాను. డక్టులో నా గొంతే తిరిగి వచ్చింది.

పరుగెత్తాను. బెల్ నొక్కాను, లోపల మోగుతోందో లేదో బయటికి తెలియడం లేదు. అరచేతులతో తలుపు బాదాను. చేతులు మండేదాకా బాదాను. ఎదురింటి రామ్మోహనరావు గారు లుంగీ సర్దుకుంటూ వచ్చారు. నిద్రలోంచి రఘురామ్ వచ్చాడు. అప్పుడు తెరుచుకుంది. రాకేశ్, తెల్ల బనియను, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఏమైందక్కా?"

"దివ్యని పిలువు."

"పండుకుంది. తలనొప్పి అన్నది."

"లేపు."

అతను నన్ను వదిలేసి రామ్మోహనరావు గారి వైపు చూశాడు. "చూడున్రి సార్, రోజూ గిదే. ఒకరోజు పెరుగు, ఒకరోజు అగ్గిపెట్టె. ఇయ్యాల గిట్ల."

"మీకేమైనా వినిపించిందా అమ్మా?" అన్నారు రామ్మోహనరావు గారు, మర్యాదగానే. "నేను హాల్లోనే ఉన్నాను, నాకైతే ఏమీ వినిపించలేదే."

రఘురామ్ నా మోచేయి పట్టుకున్నాడు. "సారీ రాకేశ్. ఈమధ్య తనకి ఒంట్లో బాగుండటం లేదు" అన్నాడు. తలుపు మూసుకుంది. రామ్మోహనరావు గారు వెళ్లిపోయారు. నేను చెయ్యి విడిపించుకుని అక్కడే నిలబడి 112కి ఫోను చేశాను. రఘురామ్ వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, చేస్తూనే ఉన్నాను.

ఒక అమ్మాయి ఎత్తింది. పక్కింట్లో భర్త భార్యని కొడుతున్నాడని చెప్పాను.

"ఇప్పుడు అరుపులు వినిపిస్తున్నాయా మేడమ్?"

"లేదండి."

"ఏడుపు గానీ, వేరే ఏదైనా చప్పుడు గానీ?"

"ఏమీ వినిపించడం లేదు. అందుకే చేశాను."

ఆ అమ్మాయి ఇంకేం అడగకుండా, పోలీసు బండి పంపుతున్నాం, ఫ్లాట్ నంబరు చెప్పండి అంది.

నా నోటికి ముందు మా నంబరే వచ్చింది. దిద్దుకుని వాళ్లది చెప్పాను.